ఆట లేని నెలల్లో

పిల్లలూ! హైదరాబాదుకు తూర్పు దిక్కున ఎల్.బి. నగర్ అనే పేట వున్నది. విజయవాడ నుంచి వచ్చే బస్సులూ, నాగార్జునసాగర్ నుంచి వచ్చే బస్సులూ ఇక్కడి పెద్ద కూడలి దాటే నగరంలోకి వెళతాయి. ఎల్.బి. అంటే లాల్ బహదూర్. మన దేశానికి ప్రధానమంత్రిగా పనిచేసిన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు అది. నగరం నడిమధ్య, అసెంబ్లీ భవనానికి దగ్గరలో, ఇంకొక ఎల్.బి. వున్నది. అది ఎల్.బి. స్టేడియం. దానికీ ఆయన పేరే పెట్టారు. దాని వెనకటి పేరు ఫతే మైదాన్, అంటే విజయ మైదానం. పేరు ఒకటే గదా అని రెండూ పక్కపక్కనే వుంటాయనుకునేరు! వాటి మధ్య దూరం పది కిలోమీటర్లకు పైనే.

ఈ రెంటినీ కలిపేది మెట్రో రైలు. ఎల్.బి. నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఆ రైలు 2018 సెప్టెంబరు 24న నడవటం మొదలుపెట్టింది. ఈ నెల మనం ఆ రైలెక్కి వెళదాం. కోటలూ గోపురాలూ చూడటానికి కాదు. ఈ దారి పొడుగునా ఒక ఆట జాడ వున్నది, దాన్ని వెతకటానికి. ఆ ఆట ఫుట్‌బాల్.

ఎల్.బి. నగర్ తరువాత వచ్చే స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, విక్టోరియా రాణి జ్ఞాపకార్థం, తల్లిదండ్రులు లేని పిల్లలకోసం ఇక్కడ ఒక వసతి గృహం పెట్టారు. దాని ఆవరణలో విశాలమైన మైదానం వున్నది. చుట్టూ ఇళ్లూ దుకాణాలూ కిక్కిరిసిపోయిన చోట అంత నేల మిగలటం ఎంత అదృష్టమో, ఆడుకునే మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పక్కనే కొత్తపేట. 2021 దాకా నగరానికి పెద్ద పండ్ల మార్కెట్టు ఇక్కడే వుండేది. వేసవి వస్తే లారీలకొద్దీ మామిడిపళ్లు దిగేవి. మామిడిచెట్టును గురించి ఒక సంగతి చెబుతాను, మన కథకు పనికివస్తుంది. కాయలు కోసేసిన తరువాత చెట్టు వూరికే నిలబడి వున్నట్టు కనిపిస్తుంది. కాని అది వూరికే వుండదు. వానలు పడగానే కొత్త చివుళ్లు వేస్తుంది. ఆ చివుళ్లు ముదిరి కొమ్మలైతేనే వాటి కొసలను మరుసటి ఏటి పూత పట్టేది. వానకాలంలో చెట్టుకు ఎరువూ నీరూ చాలకపోతే, వేసవిలో ఎవరెంత ఎదురుచూసినా కాయలు రావు.

ఫుట్‌బాల్ జట్టుకు కూడా ఇట్లాగే ఆడే కాలమొకటీ, ఆట లేని కాలమొకటీ వుంటాయి. ఆడే కాలంలో ఏం జరిగిందో అందరికీ తెలుస్తుంది. మరునాడు పత్రికలో అంకెలు పడతాయి. ఆట లేని కాలంలో మాత్రం అంకెలుండవు, మాటలు వుంటాయి.

ఆ మాటలు వినాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలి. దిల్ అంటే హృదయం. సుఖ్ అంటే మనకు తెలిసిన సుఖమే. కాని స్టేషను మెట్లు దిగేసరికి సుఖంకంటె సందడే ఎక్కువ. సాయిబాబా గుడికి వెళ్లేవారూ, బస్సు డిపోకు వెళ్లేవారూ, పుస్తకాల సంచులతో కోచింగు సెంటర్లకు వెళ్లే కాలేజీ విద్యార్థులూ ఒకరినొకరు తోసుకొంటూ నడుస్తారు. ఆ విద్యార్థులు టీ హోటలు ముందు నిలబడితే, ఏ కాలేజీ జట్టును గురించో, ఏ క్లబ్బును గురించో మాట్లాడుకుంటారు. "ఫలానా గోల్‌కీపరు వెళ్లిపోతాడట." "కొత్త కోచ్ వస్తాడట." "వచ్చే ఏడు మన జట్టుకు తిరుగు లేదట."

ఈ మాటలన్నిటి చివరా వున్న అక్షరాన్ని చూశారా? "ట"! మన భాషలో ఇదొక చక్కని సదుపాయం. తాను కళ్లారా చూడనిది చెప్పేటప్పుడు మనవాళ్లు చివర "అట" చేరుస్తారు. "వచ్చాడు" అంటే చెప్పేవాడికి తెలుసునన్న మాట. "వచ్చాడట" అంటే ఎవరో అనగా విన్నాడన్న మాట. ఆట లేని నెలల్లో వినిపించే కబుర్లలో చాలాభాగం ఈ "అట" మీదనే నడుస్తాయి. ఒక ఆటగాడు ఒక క్లబ్బునుంచి ఇంకొక క్లబ్బుకు మారాలంటే అందుకు కొన్ని వారాల గడువు పెడతారు. ఆ గడువులో ఒప్పందంమీద సంతకం చేయాలి. అతని పేరు సంఘం వారి పట్టికలో ఎక్కాలి. అప్పటిదాకా అది "అట" మాత్రమే. "ట" తీసివేయగలిగిననాడే అది వార్త అవుతుంది. మీ బడిలో ఎవరైనా కొత్త కబురు తెస్తే ఈ పరీక్ష పెట్టి చూడండి!

మళ్లీ రైలెక్కుదాం. మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట దాటగానే కిటికీలోంచి మూసీ నది కనిపిస్తుంది. అక్కడే చాదర్‌ఘాట్. ఈ పేటలోని హైస్కూలులో ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు పనిచేశాడు. పిల్లలూ, పెద్దలూ ఆయనను "రహీం సాబ్" అనేవారు. 1909లో ఈ నగరంలోనే పుట్టాడు. మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన వున్న సిటీ కాలేజీని మీరు చూసే వుంటారు. ఆ కాలేజీ విద్యార్థులూ, పూర్వ విద్యార్థులూ కలిసి "ఎలెవెన్ హంటర్స్" అనే జట్టు పెట్టుకున్నారు. అంటే పదకొండుమంది వేటగాళ్లు! రహీం ఆ జట్టులో ఆడాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులోనూ ఆడాడు. ఆ తరువాత బడిపంతులై, వ్యాయామ విద్య కూడా చదివి, ఆట నేర్పటమే పనిగా పెట్టుకున్నాడు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. బొంబాయిలో ప్రతి ఏడూ రోవర్స్ కప్పు పోటీలు జరిగేవి. 1950 మొదలు 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాదుకే వచ్చింది!

ఇందులో రహస్యమేమిటి? రహీం సాబ్ ఆట లేని రోజులను వాడుకున్న తీరు చూడండి. ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒకదానిలో ఎవరూ తమకు వాటమైన కాలితో బంతి తన్నకూడదు. కుడికాలి వాటం వున్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకొకదానిలో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని పరుగెత్తకూడదు. అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చివేయాలి.

మొదట్లో అందరూ తప్పులే చేసివుంటారు. ఎడమకాలితో తన్నితే బంతి ఎటు పోతుందో తన్నినవాడికే తెలియదు! కాని అసలు కిటుకు అక్కడే వున్నది. కప్పుకోసం ఆడే రోజున తప్పు చేస్తే జట్టు ఓడిపోతుంది. అందుచేత ఆనాడు ఎవరూ తమకు రాని పనికి పూనుకోరు, వచ్చినదే చేస్తారు. రానిది నేర్చుకోవాలంటే తప్పు చేసినా నష్టం లేని రోజులు కావాలి. అవే ఆట లేని నెలలు.

దీని ఫలితం ప్రపంచం చూసింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సుకు రహీం సాబ్ శిక్షణలో మన జాతీయ జట్టు వెళ్లింది. అక్కడ చలి ఎక్కువ. మన ఆటగాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా జట్టు మనవాళ్లను 10–1 గోల్స్ తేడాతో చిత్తుగా ఓడించింది. ఇంకొకరైతే ఆ సిగ్గుతో తల ఎత్తేవారు కారు. మనవాళ్లు ఇంటికి వచ్చి పనిలో పడ్డారు. ఆటగాళ్లు విధిగా బూట్లు వేసుకోవాలని నిబంధన వచ్చింది. నాలుగేళ్లు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనలుకు చేరింది. ఆసియా ఖండం నుంచి అంతదూరం వెళ్లిన మొట్టమొదటి జట్టు మనదే. అక్కడ మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోలు మనది! చివరికి 4–1తో ఓడినా, మన జట్టు నాలుగో స్థానం తెచ్చుకున్నది.

ఆ జట్టులో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే యువకుడు వున్నాడు. రహీం సాబ్ అతనిని శిక్షణకు రమ్మంటే, నగరందాకా రావటానికి డబ్బు లేదన్నాడట. సైకిలు అద్దెకు తెచ్చుకోమని రహీం సాబ్ తానే డబ్బు ఇచ్చాడట. (ఇక్కడ నేను "ట" వాడాను, చూశారా? ఇది నేను చూసినది కాదు, బలరాం చెప్పగా జనం విన్నది.)

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి పోటీలో మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. అదే కొరియాను ఫైనలులో 2–1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో వున్నారు. రహీం సాబ్ అప్పటికే జబ్బుగా వున్నాడు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో చనిపోయాడు.

నగరంలో ఫుట్‌బాల్ ఆ తరువాత క్రమంగా సన్నగిల్లింది. మంచి ఆటగాళ్లను ఇతర వూళ్ల క్లబ్బులు పిలుచుకుపోవటం అంతకుముందు నుంచీ వున్నదే. బలరాం కూడా 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లాడు. అయినా అప్పుడు నగరానికి దిగులు లేకపోయింది. ఒకరు వెళితే ఆ చోటికి ఇంకొకరిని తయారుచేసే మనిషీ, మైదానాలూ ఇక్కడ వుండేవి. 1956–57లోనూ, 1957–58లోనూ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకే వచ్చింది.

మన కాలానికి వద్దాం. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే క్లబ్బు పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. విజేత అయింది. దిల్‌సుఖ్‌నగర్ టీ హోటళ్లలో ఎవరు ఏ జట్టు అభిమానులైనా, ఆనాడు హైదరాబాదు పేరు వినని వారు వుండరు. కాని 2025లో ఆట లేని నెలలు గడుస్తూ వుండగా, "క్లబ్బు ఢిల్లీకి పోతుందట" అనే మాట బయలుదేరింది. కొన్నాళ్లకు ఆ "ట" వూడిపోయింది. క్లబ్బు నిజంగానే ఢిల్లీకి వెళ్లి, పేరు కూడా మార్చుకున్నది. వెనకటిరోజుల్లో ఆటగాళ్లు వెళ్లేవారు. ఈసారి జట్టుకు జట్టే వెళ్లిపోయింది. పసుపురంగు చొక్కాలు దాచుకొన్న పిల్లలు ఎవరికోసం కేకలు వేయాలి?

క్లబ్బుకు యజమానులు వుంటారు. వారు దానిని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మైదానాన్ని ఎవరూ మూటగట్టి తీసుకుపోలేరు. ఎడమకాలితో తన్నటం నేర్చుకున్న పిల్లవాడి నుంచి ఆ విద్యను ఎవరూ లాక్కోలేరు. పిల్లవాడనే ఎందుకు, పిల్ల అని కూడా అనాలి. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈనాడు మన దేశపు మహిళల జట్టులో ఆడుతున్నది.

మన రైలు అసెంబ్లీ స్టేషను చేరింది. ఇక్కడ దిగి కాస్త నడిస్తే ఎల్.బి. స్టేడియం గోడలు కనిపిస్తాయి. చూసి రండి. ఇంటికి తిరిగి వెళ్లిన తరువాత రెండు పనులు చేయండి.

మొదటిది: ఖాళీ స్థలంలో ఇరవై అడుగుల దూరం కొలిచి గీతలు గీయండి. ఒకరు బంతిని కాళ్లతో తోసుకొంటూ ఆ దూరం పరుగెత్తాలి. ఇంకొకరు నిలబడినచోటినుంచే రెండో బంతిని అవతలి గీతకు తన్నాలి. ఏ బంతి ముందు చేరుతుందో చూడండి. అందిన బంతిని వెంటనే ఇచ్చివేయమని రహీం సాబ్ ఎందుకన్నాడో మీకే తెలుస్తుంది.

రెండవది: రోజూ ఇరవైసార్లు, మీకు వాటం కాని కాలితో బంతిని గోడకు తన్నండి. గోడ మీ ఇంటిదైతే ముందు అమ్మను అడగండి. కిటికీలు లేని గోడైతే మరీ మంచిది. నెల రోజులపాటు ఎన్నిసార్లు బంతి తిన్నగా మీ దగ్గరికి తిరిగివచ్చిందో కాగితంమీద రాసుకోండి. మొదటివారం అంకెలు చిన్నవిగా వుంటే సిగ్గుపడకండి. ఇవి ఆట లేని నెలలు గదా!