తడిపి చూశాకే పాలిష్!

కారు సంగతి మగవాళ్లది అనుకుంటాం గానీ, డబ్బు పోయేది ఇంటి ఖర్చులోంచే కదండీ! మళ్లీ రంగు వేయించిన కారు మీద గీతలు మెషిన్ పాలిష్‌కీ పోకపోతే, "ఇంకాస్త గట్టిగా పట్టిద్దాం" అంటారు పనివాళ్లు. ఒప్పుకోకండి. రంగు మీద మెరుపునిచ్చే క్లియర్ కోటు మహా అయితే తలవెంట్రుక మందం. అది అరిగిపోతే మళ్లీ రంగు వేయించాల్సిందే.

ముందు గీత మీద కాసిని నీళ్లు చల్లండి. తడిలో మాయమైతే అది పైపొరలోనిది, పాలిష్‌తో పోవచ్చు. గోరు తట్టుకునేంత లోతుంటే మాత్రం జోలికి పోవద్దు. తడిలోనూ కనిపిస్తే, రంగుకు ముందు ముతక వాటర్ పేపర్‌తో రుద్దిన గీత కావచ్చు. పైనుంచి ఎంత అరగదీసినా పోదు. మా కారు తలుపు మీదివి అలాంటివే. పెయింటర్‌కి తడిపి చూపిస్తే, మారుమాట లేకుండా మళ్లీ వేశాడు.

పైపొర గీతలకైతే ఉతికిన ప్యాడ్, సన్నరకం పాలిష్ వాడమనండి. ప్యాడ్‌లో ఇసుక రేణువు ఒక్కటున్నా కొత్త గీతలు ఖాయం. షెడ్డులో వేసిన రంగు పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టనివ్వకండి. నీళ్లు పోసి కడిగాకే మెత్తటి గుడ్డతో అద్దాలి.