బొంబాయి బస్సుల బడి

స్వస్థలాలనుంచి చుట్టపుచూపుగా వచ్చినవారికి మేము బొంబాయిలో చూపించే చోట్లు యేవో చదువరులకు తెలియనివి కావు. గేట్‌వే, రాణీబాగ్, మహాలక్ష్మి గుడి, చౌపాటీ, తీరిక వుంటే ఎలిఫెంటా. (వూరి పేరు 1995లో ముంబయిగా మారినా మా యింట్లో యింకా బొంబాయే.) యీ పట్టికలో లేని రెండు చోట్లను గురించి యీ నెల వ్రాయదలచినాము. ఒకటి అనిక్ డిపోలోని బస్సుల మ్యూజియం, రెండవది దిండోషీ డిపో. మొదటిదానికి పిల్లలను తీసుకుపోవచ్చు. రెండవదానిని మేము గేటు బయటనుంచే చూచినాము. అయినా చూడదగినదే.

బస్సుల గొడవ మీకెందుకయ్యా అని కొందరు అడుగుతారు. మా వుద్యోగం అటువంటిది. ఒక రవాణా కార్యాలయంలో శిక్షణ విభాగపు గుమాస్తాలము. డ్రైవర్లను తరగతులకు పంపే జాబితాలు, హాజరు పట్టీలు, కంటి పరీక్ష కాగితాలు, లైసెన్సుల గడువు తేదీలు మా బల్ల మీదుగానే పోవాలి. స్టీరింగు మాత్రం యేనాడూ పట్టినవారము కాము. అన్నం వండడం రాకపోయినా విస్తళ్ళ లెక్క తప్పనివాడు ప్రతి పెళ్ళిలోనూ ఒకడు వుంటాడు గదా, ఆ జాతి.

అనిక్‌కు మేము 2023 డిసెంబరు సెలవులలో పిల్లలతో వెళ్ళినాము. సయన్ స్టేషనులో దిగి బస్సు పట్టుకుంటే దగ్గరే. డిపోలో మూడవ అంతస్తు యెక్కాలి. బొంబాయి నగరపు బస్సులు, ట్రాములు, కరెంటు నడిపిన బెస్టు సంస్థ పాత సామానంతా అక్కడ పేర్చి పెట్టినారు. ట్రాముల చిన్న నమూనాలు, టిక్కెట్లు, టిక్కెట్టుకు బెజ్జం పొడిచే మిషన్లు, కాలం చెల్లిన కరెంటు మీటర్లు. మ్యూజియం నిండా టిక్కెట్లే, మమ్మల్ని మాత్రం టిక్కెట్టు అడిగినవారు లేరు.

యీ వూళ్ళో ట్రాము మొదలయినది 1874 మే 9న. గుర్రాలు లాగేవి. కొలాబానుంచి పైధోనీకి ఒక దారి, బోరీబందరునుంచి పైధోనీకి ఒక దారి. 1907 మే 7న కరెంటు ట్రాము వచ్చినది. 1926 జూలై 15న అఫ్ఘాన్ చర్చినుంచి క్రాఫర్డ్ మార్కెట్టుకు మొదటి మోటారు బస్సు నడిచినది. 1937లో రెండంతస్తుల బస్సు. 1962లో తీగల కింద పోయే ట్రాలీ బస్సు గొవాలియా ట్యాంకునుంచి మజగాఁవ్ దాకా వేసి, 1971లో యెత్తివేసినారు. చివరి ట్రాము 1964 మార్చి 31 రాత్రి బోరీబందరునుంచి దాదరుకు పోయినది. కరెంటు బస్సు అంటే నిన్న మొన్న పుట్టిన వింత అనుకునే మన కుర్రవాళ్ళకు ఆ ట్రాలీ బస్సు సంగతి ఒకసారి చెప్పాలి.

పిల్లలు నమూనాల చుట్టూ తిరుగుతూ వుండగా మాకు మా బల్ల బుద్ధి పోనిచ్చినది కాదు. యీ తేదీలలో ప్రతి ఒక్కదాని వెనుక యెవడో ఒకడు చేతనయిన పనిని మరచి కొత్త పని నేర్చుకొని వుండాలి. గుర్రపు పగ్గం పట్టినవానికి కరెంటు పిడి యివ్వాలి. పట్టాల మీది బండికి పిడి తిప్పడం, బ్రేకు వేయడం, గంట కొట్టడం చాలు, మళ్ళించే పని లేదు. బస్సుకు అట్లా కాదు, దారిని చక్రం పట్టినవాడే వెదుక్కోవాలి. మ్యూజియంలో బండ్లకు నమూనాలు వున్నవి. నేర్పినవారికీ నేర్చినవారికీ చెప్పుకోదగిన గుర్తు మాకు కనిపించలేదు.

తరువాతి సంవత్సరం 2024 డిసెంబరు 9 రాత్రి కుర్లాలో జరిగినది దేశమంతా విన్నదే. స్టేషనునుంచి బయలుదేరిన 332 నంబరు బస్సు, పన్నెండు మీటర్ల కరెంటు బండి, యెస్. జి. బర్వే మార్గంలో మనుషుల మీదికీ వాహనాల మీదికీ దూసుకుపోయినది. ఏడుగురికి తక్కువ కాకుండా ప్రాణాలు పోయినవి, గాయపడినవారు నలభైమంది పైమాటే. బ్రేకు చెడినదా, మనిషి తప్పినాడా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం, మేము తీర్పరులము కాము. కాని ఆ డ్రైవరు అంతకు ముందు చిన్న బండ్లు నడిపినవాడనీ, యీ పెద్ద కరెంటు బస్సు మీద అతనికి దొరికిన శిక్షణ కొద్ది రోజులదేననీ పత్రికలలో వచ్చినది. ఆ ముక్క చదివిననాడు మాకు నిద్ర పట్టలేదు. కొద్ది రోజులు అనే మాట యెక్కడ పుడుతుందో మా వంటివారికి తెలుసు.

అది తెలియడానికి యిప్పటి పద్ధతి కొంచెం చెప్పాలి. కొన్నేళ్ళుగా బెస్టు రూట్లలో చాలా బస్సులు గుత్తకు తీసుకున్నవి. బండి గుత్తేదారుది, డ్రైవరు గుత్తేదారు మనిషి. రూటు, కండక్టరు, బస్సు మీది పేరు సంస్థవి. గుత్తేదారుకు బండి తిరిగిన కిలోమీటరు లెక్కన డబ్బు. తరగతిలో కూర్చున్న డ్రైవరు ఒక్క కిలోమీటరూ తిరగడు. నేర్చుకోవడానికి యార్డులో నిలిపిన బస్సూ తిరగదు. యిక ఆ శిక్షణ రోజుల మీద యెవరి కన్ను పడుతుందో చెప్పనక్కరలేదు. యిది ఒక్క వూరి సంగతి కాదు, ఒక్క కంపెనీ దుర్బుద్ధీ కాదు. లెక్క అట్లా కట్టినప్పుడు మంచివాడి చేయి కూడా అటే పోతుంది.

మా అక్క కొడుకుకు సరిగా ఆ రోజులలోనే ఒక గుత్తేదారునుంచి డ్రైవరుగా పిలుపు వచ్చినది. నాలుగేళ్ళుగా టెంపో నడుపుతున్నాడు, పెద్ద బండి లైసెన్సు వున్నది, బిళ్ళ వున్నది. అక్క మాత్రం కుర్లా వార్త టీవీలో చూచినప్పటినుంచి, "వద్దంటే వద్దు, టెంపోనే చాలు" అని పట్టు పట్టినది. ముడి విప్పడానికి మేము వర్లీలోని చిన్నాయనను ఆశ్రయించినాము.

చిన్నాయన మాకు దూరపు వరుస. వాళ్ళ తాతలు నల్లగొండ వైపునుంచి మగ్గాలు వదలి బొంబాయి మిల్లులకు వచ్చినవారు. తానూ మిల్లులోనే చేరినాడు. 1982 జనవరి 18న మొదలయిన సమ్మెలో మిల్లు పోయినది, చక్రం పట్టినాడు. చివరి పన్నెండేళ్ళు డ్రైవర్లకు నేర్పి దిగిపోయినాడు. నిజాం యిలాకానుంచి వచ్చి యీ వూరికి రాళ్ళు మోసిన కామాఠీల పేర కామాఠీపురా వున్నది గదా, మిల్లులలో నేసిన పద్మశాలీల పేర ఒక సందు కూడా లేదని ఆయనకు చిరకాలపు ఫిర్యాదు.

2025 జనవరిలో ఒకనాడు ముగ్గురము దిండోషీకి పోయినాము. గోరేగాఁవ్, మలాడ్‌ల తూర్పు వైపున కొండవార వున్నది ఆ డిపో. బెస్టు డ్రైవర్ల శిక్షణ కేంద్రం అక్కడే. అనుమతి కాగితం లేకుండా లోపలికి పోనివ్వరు, అది సబబే. గేటు కెదురుగా టీ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాము. కొంతసేపటికి యెర్ర యెల్ అక్షరం కట్టిన బస్సు ఒకటి మెల్లగా బయటికి వచ్చినది. చక్రం దగ్గర ఒక కుర్రవాడు, పక్కన నేర్పేవాడు, వెనుక సీట్లలో అయిదారుగురు.

చిన్నాయన మేనల్లుణ్ణి గిల్లి, "ఆ యెనక కూసున్నోళ్ళను చూడు. వాళ్ళకు గూడ గిప్పుడు గంటలు పడతనే వుంటయి" అన్నాడు.

మాకు గుండెలో కలుక్కుమన్నది. హాజరు పట్టీలో గంటలు వ్రాసేది మా వంటివారమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో రవాణా బండికి శిక్షణ ముప్పై రోజులకు తగ్గరాదనీ, అందులో స్వయంగా నడిపిన గంటలు పదిహేనుకు తగ్గరాదనీ వున్నది. యిప్పుడు గుమాస్తా లెక్క వినండి. ఒక బస్సు రోజుకు ఆరు గంటలు శిక్షణకు తిరిగితే ముప్పై రోజులకు 180 గంటలు. తలకు పదిహేను చొప్పున సరిగా పన్నెండుమందికి చాలుతుంది. బస్సు చాలదని అదే బండికి ఇరవైనలుగురిని కడితే ఒక్కొక్కడికి ఏడున్నర గంటలు చక్రం, మిగిలినదంతా ముందువాని మెడ చూడడం. కాగితం మీద యెవరూ అబద్ధం ఆడనక్కరలేదు. అందరూ బస్సులోనే వున్నారు, బస్సు తిరుగుతూనే వున్నది.

ఆ నిబంధన అయినా లైసెన్సుకు ముందు నేర్పే బడికి. లైసెన్సు వచ్చినవాడు ఒక రకం బండినుంచి మరొక రకానికి మారేటప్పుడు యెన్ని గంటలు కూర్చోబెట్టాలన్నది చాలావరకు యాజమాన్యం దయ. వచ్చిన విద్యే గదా, రెండు రోజులు చాలదా అంటారు.

ఆ మాట వినగానే చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టినాడు. "వచ్చిన విద్యనే అడ్డం పడేది. నేను గుంటమగ్గం మీద కూసున్న మనిషిని, మా అయ్య దగ్గర. కాలి కింద కర్రలు. మిల్లుల చేరితె ఆర్నెల్ల దాక నా కాళ్ళు ఉత్తగనే ఆడుతుండె, తొక్కడానికి ఏం లేకున్న గూడ. బస్సుల గూడ గంతే. నువ్వు నాలుగేండ్ల సంది ఎడమ కాలుతోటి క్లచ్చి తొక్కినవ్. కరెంటు బండిల క్లచ్చి లేదు. భయమైననాడు ఆ కాలు ఏం చేస్తదో నీకు తెలుసా?"

మేనల్లుడు నోరు మెదపలేదు.

తరువాత గంటసేపు ఆయన చెప్పినదంతా వ్రాస్తే యీ సంచిక చాలదు. మాకు అర్థమయినంత వ్రాస్తాము. డీజిలు బండిలో ఇంజను మోత డ్రైవరుకు సగం కన్ను. ముల్లు చూడకుండానే వేగం చెవికి తెలుస్తుంది. కరెంటు బండికి ఆ మోత లేదు. డీజిలు బండి గేరు గేరుగా లేస్తుంది, కరెంటు మోటారు నిలిచినచోటనే పూర్తి బలం చూపుతుంది, కాలు కొంచెం బరువుగా పడితే చాలు. కాలు తీస్తే మోటారే తిరగబడి బండిని పట్టి ఆపుతుంది, ఆ పట్టు అలవాటులేనివాడికి మొదట్లో కుదుపు తప్పదు. తప్పు పెడలు మీద కాలు పడినవాడు బండి ఆగలేదని యింకా గట్టిగా తొక్కుతాడు, ఎందుకంటే వాడి మనస్సులో అది బ్రేకు. బుద్ధికి యివన్నీ ఒక పూటలో చెప్పవచ్చును. కాలికి చెప్పడానికే రోజులు కావాలి. ఖాళీ యార్డులో, తరువాత ఖాళీ బండితో రోడ్డు మీద, తరువాత ఇసుక మూటలు వేసి, ఆ తరువాత సాయంత్రపు రద్దీలో, పక్కన నేర్పేవాడు కూర్చుని వుండగా.

"నేర్పెటోడు పక్కన వున్నప్పుడు ఒక్కసారన్న భయపడాలె. అప్పుడు కాలు ఎటు పోయిందో వాడు చూస్తడు," అన్నాడు చిన్నాయన. తాను నేర్పిన వందలమందిలో ఇద్దరిని మాత్రం పనికిరారని తిప్పి పంపినాడట. ఒకడు తిట్టుకుంటూ పోయి తరువాత బట్టల దుకాణం పెట్టి బాగుపడి, దీపావళికి ఆయనకు పంచె పంపుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో మాకు కరెంటు బస్సే దొరికినది. చల్లగా వున్నది, కుదుపు లేదు, మా వంటి నడుము నొప్పివారికి స్వర్గం. కొత్త బండ్ల మీద మాకు కోపం లేదు. పొగ లేని బస్సు మన పిల్లల వూపిరికి మేలే. చిన్నాయన ముందు సీటు సంపాదించుకొని దారి పొడుగునా డ్రైవరు కాళ్ళే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆ డ్రైవరును మరాఠీలో అడిగినాడు, యీ బండి మీద యెన్ని రోజులు నేర్పినారని. యిరవై రెండు అని జవాబు. చిన్నాయన అతని భుజం తట్టి దిగినాడు.

మా అక్కతో మాట్లాడడం మా వంతుకు వచ్చినది. ఉద్యోగం వద్దనవలసిన పని లేదు, గంటలు అడగవలసిన పని వున్నదని చెప్పినాము. కుర్రవాడి చేతికి వంద పుటల నోటు పుస్తకం ఒకటి కొనియిచ్చినాము. తారీఖు, బండి నంబరు, చక్రం పట్టిన సమయం, దిగిన సమయం, పక్కన కూర్చున్నవాని సంతకం అని అయిదు గీతలు గీసి యిచ్చినాము, మా ఆఫీసు పట్టీకి లేని ఆ నాలుగవ గీతతో సహా. వెనుక సీటు గంటలు అందులో వ్రాయరాదన్నది షరతు. గుత్తేదారు మేనేజరు మొదట నవ్వినాడట, మూడవనాడు తన మనుషులందరికీ అటువంటి పుస్తకాలు యెక్కడ దొరుకుతవని అడిగినాడట. మన సంఘ కుటుంబాలలో యీ పనికి పోతున్న పిల్లలు వుంటే గీతలు గీసిన కాగితం మా దగ్గర వున్నది, పంపుతాము.

కుర్రవాడు ముప్పై ఒకటవ గంటలో వున్నాడు. యింకా ఒంటరిగా రోడ్డు మీదికి పంపలేదు.