చేపలమ్మి కేక

గుమ్మంలోకొచ్చిన చేపల మనిషితో బేరమాడని ఇల్లాలు ఏ దేశంలోనైనా ఉంటుందా? "ఈ పిల్లచేపలకి అంత రేటా?" అనకుండా కొంటే మనకి తోచదు. స్కాట్లండులోనూ అంతేనండీ. అక్కడ ఒకావిడ ఆ బేరం మీదే పాట కట్టింది. దాని పేరు 'కాలర్ హెరిన్'. అంటే, తాజా హెర్రింగు చేపలని.

అసలు పాటకన్నా ముందు బాణీ పుట్టింది. ఎడిన్‌బరో దగ్గర సముద్రం ఒడ్డున న్యూహేవెన్ అనే చేపలపల్లె ఉండేది. అక్కడి ఆడవాళ్లు గంప వీపున వేసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని, నగరంలోకి నడిచొచ్చి కేకలేస్తూ అమ్మేవారు. నథానియేల్ గౌ (1763–1831) అనే ఫిడేలు విద్వాంసుడు ఆ కేకనీ, జార్జి వీధిలోని సెయింట్ ఆండ్రూ చర్చి గంటల మోతనీ కలిపి బాణీ కట్టాడు. కేక వినపడితే మనకి చిల్లర గుర్తొస్తుంది, ఆయనకి స్వరాలు తోచాయి!

దానికి మాటలు రాసింది లేడీ నెయిర్న్ (1766–1845). పెర్త్‌షైర్‌లో గొప్పింటి పిల్ల. గంప మోసి ఎరగదు. అయినా పాటలో చేపలమ్మి గొంతుతోనే మాట్లాడింది. ఇవి మగవాళ్లు ప్రాణాలకి తెగించి తెచ్చిన చేపలని కొనేవాళ్లకి గుర్తు చేసింది. ఆ మాట విన్నాక పైసా తగ్గించమని అడగడానికి నోరెలా వస్తుంది?

ఇంత రాసీ పేరు పెట్టుకోలేదు మహాతల్లి! గొప్పింటి ఇల్లాలు పాటలు అచ్చువేయించుకోవడం అప్పట్లో మర్యాద కాదు. 1821–24 మధ్య వెలువడిన 'స్కాటిష్ మిన్‌స్ట్రెల్' సంపుటాల్లో ఆవిడ పాటలు మారుపేరుతో వచ్చాయి. ప్రచురణకర్త దగ్గరికి పల్లెటూరి పెద్దావిడలా వేషం వేసుకుని, 'మిసెస్ బోగన్' అన్న పేరుతో వెళ్లేదిట. మొగుడికీ చెప్పలేదు, ఎక్కడ నోరు జారతాడోనని! మన దగ్గర ఒకప్పుడు మగ రచయితలే ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారు. ఎక్కడి కాలమహిమ అక్కడిది.

నాకైతే కథ అచ్చయిన వారం, పత్రికని నా పేరు కనపడేలా బల్లమీద పెట్టందే మనసొప్పదు. ఊరంతా తన పాట పాడుతుంటే, ఎవరు రాశారో అని పక్కవాళ్లు ఆరా తీస్తుంటే, ఏమీ ఎరగనట్టు కూర్చోవడానికి ఎంత నిబ్బరం కావాలి! ఆవిడ పోయిన మరుసటేడు, 1846లో, పాటలన్నీ పుస్తకంగా వచ్చాకగాని వాటికి ఆవిడ పేరు దక్కలేదు.

గౌ పేరు నిలిచింది. ఆలస్యంగానైనా లేడీ నెయిర్న్ పేరూ నిలిచింది. మరి చలిలో అన్ని మైళ్లు నడిచొచ్చి ఆ కేక వేసినావిడ పేరో? అది మాత్రం ఏ సంపుటంలోనూ లేదు. బాణీలో సగం ఆవిడది కాదుటండీ?