సూర్యారావుపేట స్కానింగ్ సెంటర్‌లో ఒక పూట

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలోకి తిరిగినా ఆసుపత్రి బోర్డులే. వాటి మధ్యే మందుల షాపులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు. తిరువూరు, నూజివీడు, మైలవరం నుంచి బస్సెక్కిన ఆడవాళ్లు పొద్దున్నే ఇక్కడ దిగుతారు. చేతిలో పాత రిపోర్టుల సంచి, ఒక నీళ్ల సీసా. నాకు కొంతకాలంగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతుంటే పెల్విక్ స్కాన్ చేయించుకొమ్మని గైనకాలజిస్టు చీటీ రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని ఒక ప్రైవేటు సెంటర్‌కు వెళ్లాను. నా స్కాన్ అయ్యాక డాక్టరుగారిని అడిగి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.

లోపలికి వెళ్లగానే లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డు కనబడుతుంది. 1994 నాటి చట్టం ప్రకారం సెంటరూ, మెషీనూ రిజిస్టరై ఉండాలి. గర్భిణులకైతే ఫారం-ఎఫ్ నింపాలి. స్కానింగ్ అంటే మనకు ముందు కడుపులో బిడ్డే గుర్తొస్తుంది. కానీ ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది గర్భిణులు కారు. ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్లకు మళ్లీ రక్తం కనబడిందని వచ్చిన పెద్దావిడ, నెలసరి సక్రమంగా రాని డిగ్రీ అమ్మాయి, పొత్తికడుపు నొప్పితో ముడుచుకు కూర్చున్న చిన్నావిడ... అందరూ తమ ఒంటి కోసం వచ్చినవాళ్లే.

నిజానికి ఈ పరీక్ష మొదలైందే అలా. 1955లో గ్లాస్గో ప్రొఫెసర్ ఇయాన్ డోనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలనూ అండాశయ తిత్తులనూ ఒక బాయిలర్ల ఫ్యాక్టరీకి తీసుకెళ్లి, శబ్ద తరంగాలతో లోహంలో లోపాలు పట్టే యంత్రం కింద పెట్టి చూశారు. గట్టి గడ్డ ఒకలా, నీటి తిత్తి మరోలా ప్రతిధ్వనించాయి. 1958లో ఆయన బృందం లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ముఖ్యంగా కడుపులో గడ్డల గురించే. ఆపరేషన్‌కు అందని క్యాన్సరని తేల్చేసిన ఒకావిడకు ఉన్నది అండాశయ తిత్తి మాత్రమేనని ఆ పరీక్షే బయటపెట్టింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆమె బతికింది.

హాల్లో అటెండరమ్మ అందరినీ ఒకే ప్రశ్న అడుగుతూ తిరుగుతోంది. "నీళ్లు తాగారా అమ్మా? బాగా వస్తున్నట్టుంటేనే చెప్పండి, పిలుస్తాను." లీటరు నీళ్లు తాగి గంటసేపు ఆపుకోవడం కష్టమే. అయినా దానికి కారణముంది. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి, గర్భసంచి కనబడటానికి ఒక కిటికీ తెరుస్తుంది. పేగుల్లో గాలి అడ్డుపడితే శబ్ద తరంగాలు ముందుకు పోవు.

నా పేరు పిలిచారు. రెక్సిన్ బల్ల, దాని మీద మార్చిన కాగితం దుప్పటి, చుట్టూ తెర. అటెండరమ్మ నాతోపాటే గదిలో ఉంది. పొత్తికడుపు మీద చల్లటి జెల్లీ రాసి, డాక్టరుగారు ప్రోబ్ ఆనించారు. ఆ జెల్లీ కూడా చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య గాలి లేకుండా చేయడానికే. నాకు ఎదురుగా గోడ మీద ఇంకో స్క్రీన్ ఉంది. "మీరూ చూడండి" అన్నారు. నల్లగా ఉన్నది మూత్రం. దాని కింద బూడిద రంగులో గర్భసంచి. మధ్యలో తెల్లటి గీత లోపలి పొర. నెలసరి అయిన వెంటనే పలచగా ఉండి, మళ్లీ నెలసరి వచ్చేలోపు మందమవుతుంది. చివరి నెలసరి తేదీ అడిగేది అందుకే. వెనక గోడలో కాస్త నల్లగా, గుండ్రంగా ఒకటి కనబడింది. రెండు చివరలా ప్లస్ గుర్తులు పెట్టి కొలిచారు. 2.1 సెంటీమీటర్లు.

"ఫైబ్రాయిడ్. చాలామందిలో ఉంటుంది. దీని సైజు ఒక్కటే చూసి ఆపరేషన్ అనరు. ఎక్కడుంది, మీ ఇబ్బంది ఎంత అన్నది ముఖ్యం. మందులున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. మీ డాక్టరుగారితో మాట్లాడండి" అన్నారు. తర్వాత మూత్రానికి వెళ్లి రమ్మని, లోపలి స్కాన్, అంటే టీవీఎస్, ఎందుకో చెప్పి, చేయనా అని అడిగారు. సన్నటి ప్రోబ్‌కు కొత్త తొడుగు వేయడం నా కళ్లముందే జరిగింది. కాస్త ఒత్తినట్టనిపించింది, నొప్పి లేదు. గర్భసంచికి దగ్గరగా ఉండటంతో బొమ్మ మరింత స్పష్టంగా వస్తుంది. వద్దనే హక్కు ప్రతి ఆడదానికీ ఉంది. పెళ్లికాని పిల్లలకు సాధారణంగా పైనుంచే చేస్తారు. లోపలి స్కాన్ చేయనా అన్న ప్రశ్న హాల్లో పదిమందిలో కాక గదిలో, తలుపు వేశాక అడగడం ఇక్కడ నాకు బాగా నచ్చింది.

డిగ్రీ అమ్మాయి తల్లి రిపోర్టు అందుకుంటూ, "పీసీఓడీయేనా మేడం? పిల్లలు పుట్టరా?" అని భయంగా అడిగింది. డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టారు. రజస్వల అయ్యాక ఎనిమిదేళ్ల వరకూ స్కాన్ చూసి పీసీఓఎస్ (పీసీఓడీనే ఇలా అంటారు) అని నిర్ధారించవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో అండాశయాల్లో ఎక్కువ బుడగలు కనబడటం మామూలే. నెలసరి తీరు, రక్తపరీక్షలు చూసి గైనకాలజిస్టు తేల్చాల్సిన విషయమది. పిల్లలు పుట్టరన్న మాట అసలు లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసింది నా పక్కన కూర్చున్న ముప్పై నాలుగేళ్ల ఆవిడ మాట. కూలి పనులకు వెళ్తుంది. తెల్లబట్ట, నడుంనొప్పి. ఊళ్లో వైద్యం చేసే ఆయన పాత స్కాన్ కాగితం చూసి, "గర్భసంచి పాడైంది, తీయించకపోతే క్యాన్సరవుతుంది" అన్నాడట. "పిల్లలు పుట్టేశారుగా అక్కా, ఇక దాంతో పనేముంది, తీసేస్తే పోలా?" అంది నాతో. ఆ కాగితంలో ఉన్నది కాస్త పెద్దదైన గర్భసంచి, ముఖద్వారం దగ్గర నాబోథియన్ తిత్తులు. కాన్పులైనవాళ్లలో గర్భసంచి కొంచెం పెద్దగా ఉండటం సహజం. ఆ తిత్తులు హానిలేనివి. ముఖద్వారం క్యాన్సర్ భయముంటే చేయించాల్సింది పాప్ స్మియర్ లేదా హెచ్‌పీవీ పరీక్ష. తొలిదశలో ఆ క్యాన్సర్ స్కాన్‌లో కనబడదు.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. చిన్న వయసులో గర్భసంచి తీస్తే ముట్లుడిగే దశ ముందే రావచ్చు. అండాశయాలూ తీసేస్తే ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. కూలికి వెళ్లే మనిషికి ఎముకలే ఆస్తి.

తీయాల్సిన గర్భసంచులూ ఉంటాయి. ముట్లాగిపోయాక రక్తం కనబడిన ఆ పెద్దావిడకు లోపలి పొర మందంగా ఉందని తేలింది. ఆలస్యం చేయకుండా బయాప్సీకి వెళ్లమని డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. అవసరమున్నవారిని తొందరపెట్టడం, లేనివారిని ఆపడం, ఈ రెండూ చేసినప్పుడే స్కాన్‌కు పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టు.

అందుకే స్కానింగ్‌కు వెళ్లే ప్రతి అక్కకూ చెల్లికీ నా మాట. రిపోర్టు తీసుకుని మౌనంగా బయటికి రావద్దు. నాకేముంది, అది ప్రమాదమా, మందులతో తగ్గుతుందా, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అని అడగండి. నెలసరి ఇంకా వస్తున్నవారిలో అయిదు సెంటీమీటర్లలోపు మామూలు నీటి తిత్తులు చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. ఆపరేషన్ అంటే ఇంకో గైనకాలజిస్టుకు కూడా చూపించండి. అడిగితే విసుక్కునే డాక్టరు దగ్గర సంతకం పెట్టకండి.