గల్ఫు పెట్టెయు విమానపు త్రాసును

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దుబాయి యనునది యొక్క యూరి పేరు గాదు. మస్కటునకు బోయినవాడును దుబాయికే పోయెను. దమ్మామునుండి వచ్చినవాడును దుబాయినుండియే వచ్చెను. అట్లే యిచ్చట పెట్టె యనగా ఇనుప పెట్టెయు గాదు, కొయ్య పెట్టెయు గాదు. నాలుగు ప్రక్కల టేపు చుట్టి, దానిపై నైలాను త్రాటితో బిగించి, నల్లని మార్కరుతో పేరు, ఊరు, మండలము, జిల్లా, పాస్‌పోర్టు సంఖ్య వ్రాసిన అట్టపెట్టె. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాలయు రాజన్న సిరిసిల్లయు ప్రత్యేక జిల్లాలైనను, నేటికిని ఆ పెట్టెపై కరీంనగర్ జిల్లా యనియే వ్రాయువారిని మేమెఱుగుదుము. అలవాటు ప్రభుత్వపు ఉత్తరువుకంటె మెల్లగా నడచును.

ఆ పెట్టెలో నేమి యుండును? రెండు కంబళ్లు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరములు, సబ్బులు, అత్తరు సీసాలు, తలనొప్పి తైలము, పిల్లలకు ఆటవస్తువులు, బావమరదికొక టార్చిలైటు. ఇవి యన్నియు నేడు కోరుట్ల బజారులోనే దొరకును. కొన్ని యచ్చటికంటె నిచ్చటనే చౌక. అయినను రెండేండ్లు ఎండలో ఇటుకలు మోసినవాడు వట్టిచేతులతో గడప త్రొక్కలేడు. విమానాశ్రయమున ఈ త్రాళ్ల పెట్టెలను జూచి ముసిముసి నవ్వులు నవ్వు విద్యావంతులను మేము చూచితిమి. వారి చక్రముల సంచిలో నేమున్నదో యెవరడిగిరి? ఇంటిలో బీడీలు చుట్టి పిల్లలను బెంచిన భార్యకును, మగ్గము మూతబడినపుడు అప్పు దెచ్చి వీసా కొనిపెట్టిన తండ్రికిని, ఆ మనుష్యుడు రెండేండ్ల తన లేమికి బదులుగా నిచ్చునది ఆ పెట్టె యొక్కటియే.

అయినను మన ఆచారమును గూర్చియు నొక మాట చెప్పక తప్పదు. సెలవుపై వచ్చువాడు మేనమామకేమి తెచ్చెను, పెద్దమ్మకేమి తెచ్చెను, వాడకట్టువారికేమి తెచ్చెనని లెక్క జూచుట మన యూళ్లలో నొక దురాచారముగా ముదిరినది. ఆ లెక్కకు భయపడి యొక కిలో, ఇంకొక కిలో చేర్చుచు బోవుటవలననే పెట్టె బరువెక్కుచున్నది. ఆ కిలోకు విమానపు కౌంటరులో చెల్లించు రుసుము లోపలి వస్తువు వెలను మించుట అరుదు గాదు. బంధువులారా, మీరు కోరిన సబ్బు మీకెంతకు బడినదో ఎన్నడైన అడిగితిరా?

ఇక ఈ రుసుము సంగతి. సామానునకు వేరుగా పైకము దీసికొనుట విమానయానమున నాదినుండి గల యాచారము గాదు. 2008లో చమురు ధర పెరిగినపుడు అమెరికాలో నొక పెద్ద సంస్థ మొదటి సంచికే పదునైదు డాలర్లు విధించెను; తక్కినవి దాని వెంట నడచినవి. టికెటు వెల చిన్నదిగా జూపి, సామాను, కుర్చీ, భోజనము వేరువేరుగా నమ్ముట అప్పటినుండి ప్రపంచమంతట వ్యాపించెను. మనదేశమునందును డీజీసీఏ యను విమానయాన నియంత్రణ శాఖవారు 2024లో ప్రకటించిన సర్క్యులరు ప్రకారము మన విమానసంస్థలు సామాను లేని చౌక టికెట్లు అమ్మవచ్చును. కాని అందొక షరతు గలదు. అట్టి టికెటు కొన్నవాడు సామానుతో వచ్చినచో ఎంత చెల్లింపవలెనో కొనునపుడే స్పష్టముగా జూపవలెను, టికెటుపై ముద్రింపవలెను. ఈ షరతు మన పల్లెలలో నెందరికి దెలియును? టికెటు కొనువాడు పట్టణములోని ఏజెంటు. ఎగురువాడు పల్లెలోని కూలి. తెరపై చూపినది ఏజెంటు చూచెను, కాగితముపై ముద్రించినది కూలి చదువలేడు. పెద్ద యక్షరములతో ముద్రించినను చిన్న యక్షరములతో ముద్రించినను అతని కొక్కటియే.

పైగా పరిమితులు నిలుకడగా నుండవు. 2024 ఆగస్టులో ఎమిరేట్సు నుండి మన దేశమునకు వచ్చు నొక చౌక విమానసంస్థ ముప్పది కిలోల యుచిత పరిమితిని ఇరువదికి దించి, మరుసటి జనవరిలో మరల ముప్పదికి బెంచెను. నిరుడు వచ్చినవాని మాట విని యీయేడు పెట్టె కట్టినవాడు కౌంటరు దగ్గర దానిని విప్పవలసి వచ్చును. అట్లు విప్పి, కంబళిని కోటువలె గప్పుకొని విమానమెక్కినవారిని మేమెఱుగుదుము. దుబాయి విమానాశ్రయమున 2017 మార్చి నుండి సమతలమైన ప్రక్క లేని మూటలను గొనరు. అవి యంత్రపు పట్టాలలో జిక్కుకొని తక్కిన సామాను నాపుచుండెనట. ఆ నియమము న్యాయమైనదే. దాని ఫలమున మన పల్లెవారు మూటలు మాని అట్టపెట్టెలకు మరింత మరగిరి.

మా యెఱుకలోని యొక సంగతి చెప్పెదము. కోరుట్లకు సమీపమున నొక గ్రామమువాడు, మాకు తమ్మునివంటివాడు, చెల్లెలి పెండ్లికని నలువదియైదు దినముల సెలవుపై బయలుదేరెను. టికెటుపై ముప్పది కిలోలని యుండెను. అతడు రెండు పెట్టెలు కట్టెను. రెండును గలిసి ఇరువదితొమ్మిది కిలోలు. కౌంటరులోని యుద్యోగి, బరువు సరియేగాని నీ టికెటునకు నొక్క పెట్టెయే యనుమతమనియు, రెండవదానికి వేరుగా చెల్లింపవలెననియు జెప్పెను. కొన్ని సంస్థలు సామానును బరువునుబట్టియు, కొన్ని సంఖ్యనుబట్టియు లెక్కించును. అది వారి యిష్టము. కాని ఈ టికెటుపై సంఖ్య మాట యెక్కడను లేదు. వెనుక వరుసలోనివారు విసుగుకొనుచుండిరి, విమానము నిలువదు, పెట్టెను పారవేయలేడు. తోడివానియొద్ద అప్పు జేసి చెల్లించెను. ఇట్టి సమయమున ఇచ్చిన సొమ్మును అంగీకారమని యెట్లు పిలువగలము?

దారిలో విమానము మారవలసియుండెను. శంషాబాదులో దిగి చూడగా మొదటి పెట్టె వచ్చెను. ఏ పెట్టెకు రుసుము చెల్లించెనో ఆ పెట్టె రాలేదు. ఇది వింత గాదు. ప్రపంచమున సామాను తప్పిపోవుటకు గల కారణములలో విమానము మారు చోట నెక్కింపకపోవుటయే పెద్దదని ఆ రంగమున బనిచేయు సంస్థల లెక్కలు చెప్పుచున్నవి. 2024లో వేయిమంది ప్రయాణికులకు సుమారు ఆరు సంచులు ఆలస్యమో, నష్టమో పొందినవట. వేయింటికి ఆరనగా స్వల్పమే. ఆ యారింటిలో నొకటి పెండ్లి పెట్టె యగువరకు. చెల్లెలికి గొన్న చీరెలును, వియ్యంకులకు బెట్టవలసిన బట్టలును అందే యుండెను. ఆరవ దినమున పెండ్లి జరిగెను. తొమ్మిదవ దినమున పెట్టె వచ్చెను. ఈ నడుమ అతడు కోరుట్ల బజారులో బట్టలు మరల గొనెను.

పెట్టె వచ్చినదని విని మేము వారి యింటికి బోగా, తండ్రి యరుగుమీద గూర్చుండి, “పోనియ్యి కొడకా, తాడు గుడ తెగలె, మంచిగనే వచ్చె” ననుచుండెను. కొడుకును మాతో, “సారూ, పెట్టె దొరికింది గద, ఇంగేం అడుగుతం?” అనెను. మేము విచారపడినది ఈ మాటకు. పోయినది దొరకుటయే భాగ్యమని తలచువాడు ఆలస్యమునకు బరిహారము గలదని యెన్నడును దలపడు.

కాని గలదు. 1999లో మాంట్రియల్ నగరమున పెక్కు దేశములు గూడి యొక యొడంబడిక జేసికొనెను; మనదేశము 2009లో దానిలో జేరి, 1972 నాటి విమాన రవాణా చట్టమును తదనుగుణముగా సవరించెను. అంతకు పూర్వపు 1929 నాటి వార్సా యొడంబడికలో పరిహారమునకు కొలత కిలో. బరువెంతో వెల యంత. క్రొత్తదానిలో కొలత మనిషి. ఒక్కొక్క ప్రయాణికునకు పరిహారపు గరిష్ఠ పరిమితిని ఎస్‌డీఆర్ అను అంతర్జాతీయ ద్రవ్యనిధి మారకపు లెక్కలో నిర్ణయించిరి. మొదట వేయిగా నున్న ఆ పరిమితి 2024 డిసెంబరు 28 నుండి 1,519కి పెరిగినది. మన రూపాయలలో నది లక్షన్నరకు బైమాటయే. ఇది యందరికి నూరక పంచు సొమ్ము గాదు. జరిగిన నష్టమును జూపినవానికి ఆ నష్టము మేరకు, ఆ పరిమితి లోపల నిచ్చునది. ఆలస్యమును దప్పించుటకు యుక్తమైన చర్యలన్నియు దీసికొంటిమని సంస్థయే రుజువు చేయవలెను. తీసికొనలేదని కూలివాడు రుజువు చేయనక్కరలేదు. ఈ పరిమితిని తగ్గించుచు టికెటుపై సంస్థ యేమి వ్రాసికొన్నను అది చెల్లదని యిరువదియారవ యధికరణము చెప్పుచున్నది.

గడువులు మాత్రము కఠినములు. పెట్టె పగిలివచ్చినచో, అందిన దినమునుండి ఏడు దినములలోపలను, ఆలస్యముగా వచ్చినచో నిరువదియొక్క దినములలోపలను లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. నోటిమాట చెల్లదు. చేయనిచో దావా హక్కే పోవును. రావలసిన దినము దాటి యిరువదియొక్క దినములైనను రానిదానిని పోయినదిగా నెంచవచ్చును. దావాకు రెండేండ్లు గడువు. శంషాబాదులో బయటికి రాకమునుపే సామాను కౌంటరులో పీఐఆర్ అను ఫిర్యాదు పత్రము వ్రాయించి నకలు దీసికొనవలెను. బస్సు దప్పునని తొందరపడి యిది చేయక వెడలువారు పెక్కుమంది. జగిత్యాలకు తరువాతి బస్సు దొరకును, ఆ పత్రము మరల దొరకదు.

మన మిత్రుడు ఆ పత్రము వ్రాయించెను. తోడి ప్రయాణికు డొకడు బలవంతపెట్టెనట. పెట్టెకంటించు చీటీ తునకను అతని భార్య బిస్కెట్ల డబ్బాలో పాస్‌పోర్టుతోగూడ దాచెను. రుసుము రసీదును, బట్టల దుకాణపు బిల్లులు రెండును దొరికినవి. మూడవ దుకాణమువాడు చీటీమీద అంకె మాత్రము వేసి యిచ్చెను, దానినిగూడ జతపరచితిమి. పెట్టె యందిన పదునాలుగవ దినమున ఉత్తరము వ్రాసితిమి. అడిగినవి రెండు: టికెటుపై లేని నియమమునకు దీసికొన్న రుసుమును మరల నిమ్మని యొకటి, ఆలస్యమువలన గొనవలసివచ్చిన బట్టల వెల నిమ్మని రెండవది. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నియమము ప్రకారము విదేశపు విమానమున వచ్చిన సంచి, ప్రయాణపు నిడివినిబట్టి పదునైదు లేక ముప్పది గంటలు దాటి యందినచో, దానికై కట్టిన రుసుమును సంస్థ తిరిగి యీయవలెను. అంత తేటగా నడుగు మాట మన ప్రయాణికుల విషయమునను చట్టమున నుండవలెనని మా కోరిక.

మొదటి ప్రత్యుత్తరమున సంస్థవారు విచారము వెలిబుచ్చి, మరుసటి ప్రయాణమున వాడుకొనుటకొక కూపను నిచ్చెదమనిరి. కూపనుతో అప్పు దీరదని మరల వ్రాసితిమి. రెండవసారి రుసుము నిత్తుమనియు, ఆలస్యమునకు దాము బాధ్యులము గామనియు వ్రాసిరి. ఏ యే చర్యలు దీసికొంటిరో తెలుపుడని మూడవసారి యడిగితిమి. దానికి జవాబు తడసినది.

దావా వేయవచ్చునుగదా యని కొందరనిరి. వినియోగదారుల రక్షణచట్టము 2019లో వచ్చి, మరుసటి సంవత్సరము జూలై నుండి యమలులోనున్నది. దాని ప్రకారము ఫిర్యాదుదారుడు తానుండు జిల్లా కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షలవరకు వెల గల విషయమునకు ఫీజు లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులో సలహా యడుగవచ్చును. కాని విదేశపు సంస్థ వెంటనే మాంట్రియల్ యొడంబడిక ముప్పదిమూడవ యధికరణమును జూపును. దాని ప్రకారము దావా వేయదగిన చోట్లలో గమ్యస్థాన మొకటి. అక్కడనే చిక్కు. సెలవుపై వచ్చువాని టికెటు రాకపోకలది. అట్టి ప్రయాణమునకు గమ్యము మరల బయలుదేరిన యూరే యని న్యాయస్థానములు చెప్పుచు వచ్చినవి. కోరుట్లవాడు కోరుట్లకు వచ్చినను, చట్టము దృష్టిలో అతని గమ్యము ఆ యెడారి పట్టణమే! టికెటు నిచ్చటి యేజెంటువద్ద, సంస్థకు వ్యాపారస్థలమున్న చోట గొన్నచో మరియొక ద్వారము తెఱచుకొనును. మన మిత్రునికి టికెటు అచ్చటి యజమాని కొనియిచ్చెను. కావున ఉత్తరములే మాకు మిగిలిన యాయుధము.

టికెట్లమ్ము ఏజెంట్ల నొకటి కోరుచున్నాము. సామాను ఎన్ని కిలోలో, ఎన్ని పెట్టెలో, మించినచో కిలోకెంతో, ఎన్నడు ముందుగా గొన్నచో చౌకయో తెలుగులో నొక చీటీమీద వ్రాసి, ముద్రవేసి యీయవలెను. వీసా సొమ్ము పుచ్చుకొనునపుడు వ్రాయుటకు దొరకు కలము, దీనికిని దొరకును. గ్రామములలో చదువుకొన్న యువకులు, గ్రంథాలయములలో గూర్చుండువారు, ఈ ఫిర్యాదు పత్రమునకొక నమూనా వ్రాసి గోడకంటించినచో ఎంత యుపకారము! సిరిసిల్లలో నేతకార్మికుల మధ్య అర్జీలు వ్రాసిపెట్టు పెద్దలు పూర్వము నుండిరి. ఆ పని యిప్పటికిని మిగిలియున్నది.

సెలవు ముగిసి మన మిత్రుడు తిరిగి వెడలెను. పోవునపుడు చేతిలో నొక్క సంచియే యుండెను. అందు తల్లి పెట్టిన మామిడికాయ తొక్కును, సకినాలును. వెడలిన మూడు వారములకు రుసుము సొమ్మును, బట్టల వెలలో బిల్లులున్న భాగమును బ్యాంకులో జమయైనవి. చీటీమీది యంకెకు మాత్రము ఈయలేదు. ఆ చీటీ వ్రాసిన దుకాణదారుని యొద్దకు మేము బోయి సరియైన బిల్లు వ్రాసి యిమ్మని యడిగితిమి. అతడు పుస్తకము వెదకి యిచ్చెదననెను. నాలుగవ యుత్తరము ఆ బిల్లుకై కాచుకొనియున్నది.