చుక్కలు వేయించాక కూడా విరేచనాలెందుకు?

పూర్ణా మార్కెట్ సందుల నుంచి, ఫిషింగ్ హార్బర్ వాడల నుంచి, పాడేరు, చింతపల్లి కొండల్లో గెడ్డల పక్క ఊళ్ళ నుంచి విశాఖ వన్ టౌన్ చుట్టుపక్కల ఆసుపత్రులకు వచ్చే విరేచనాల పిల్లల్లో తేడా కనిపెట్టడం కష్టం. ముందు వాంతులు, మర్నాటికి నీళ్ళలా విరేచనాలు, పీక్కుపోయిన కళ్ళు, ఎండిన నాలుక. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో లేపి వదిలితే వెంటనే సర్దుకోదు. రోగం ఒకేలా ఉన్నా వెనకున్న వైరస్ ఒకటి కాదు. రోటా, నోరో, ఆస్ట్రో, అడినో, వాటిలో మళ్ళీ రకాలు. అందుకే "రోటా చుక్కలు వేయించాం కదండీ, మళ్ళీ ఎందుకొచ్చింది?" అని తల్లి అడిగితే "ఇది కొత్త రకం అమ్మా" అనేయడం మా డాక్టర్లకు అలవాటు. ఆ జవాబు చాలామటుకు తప్పని నా అభిప్రాయం.

రకాలు ఎక్కువన్నది నిజమే. రోటావైరస్ జన్యుపదార్థం 11 విడి ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే పేగు కణంలో దూరితే పేకముక్కలు కలిపినట్టు కలిసిపోయి మూడో రకం పుడుతుంది. పశువులూ పిల్లలూ ఒకే వాకిట్లో తిరిగే పల్లెల్లో ఆవు వైరస్ ముక్క మనిషి వైరస్‌లోకి చేరే వీలుంది. చిత్రమేమిటంటే మన టీకా పుట్టిందే ఆ కలగాపులగంలోంచి. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం పట్టుకున్న 116ఇ వైరస్‌లో ఒక ముక్క పశువుది. అది సోకినా ఆ పిల్లలకు జబ్బు చేయలేదు. దాన్నే హైదరాబాదు భారత్ బయోటెక్ 'రోటావాక్'గా తయారుచేసింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీన్ని మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ 116ఇ రకం జి9పి11. ఊళ్ళలో రోగం తెచ్చేవి ఎక్కువగా జి1పి8, జి2పి4, జి3పి8 వంటివి. రకం కుదరకపోవడమే లోపమైతే ఈ టీకా దాదాపు పనిచేయకూడదు. కానీ ఢిల్లీ, పుణే, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో జరిగిన పరీక్షలో తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను అది 56 శాతం తగ్గించింది. పోనీ, అయిదు రకాలు కలిపిన రోటాసిల్ సంగతి చూద్దాం. నైజర్ దేశంలో దాదాపు 67 శాతం కాపాడిన అదే టీకా మన దేశపు పరీక్షలో 36 శాతం దగ్గర ఆగింది. రెండు పరీక్షల తీరూ అచ్చంగా ఒకటి కాదనుకోండి. అయినా టీకాలో రకాలు పెంచినంత మాత్రాన ఫలితం పెరగదని తేలుతోంది. తేడా చాలావరకు బిడ్డ పేగులోనే ఉంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు చుక్కల్లోని వైరస్‌ను అడ్డుకోవచ్చు. పోషకాహార లోపం, అప్పటికే పేగులో తిష్ఠ వేసిన ఇతర సూక్ష్మజీవులు, పేగు గోడ మీద పుట్టుకతో వచ్చే చక్కెరల తీరు, ఇవన్నీ టీకా పట్టును తగ్గిస్తాయి.

అలాంటప్పుడు ల్యాబుల్లో రకాలు లెక్కపెట్టడం దండగ కాదా అని అడగవచ్చు. దండగ కాదు. టీకా వచ్చాక మన దేశంలో జి3పి8 ముందుకొచ్చిందంటే ఆ లెక్కల వల్లే తెలిసింది. ఇక నోరోవైరస్‌కు టీకాయే లేదు, అది రూపు మార్చుకుంటూ పోతుంది, అక్కడ రకం నిజంగా ముఖ్యం. 56 శాతం ఏపాటి అనేవాళ్ళూ ఉన్నారు. టీకాకు ముందు మన దేశంలో రోటా ఏటా సుమారు 78 వేల మంది అయిదేళ్ళలోపు పిల్లల్ని బలిగొనేదని అంచనా. అందులో సగం తగ్గినా చిన్న సంగతా? మంచి నీళ్ళిస్తే చాలదా అంటే, నీళ్ళు కావాలి, కానీ చాలవు. శుభ్రమైన కుళాయి నీళ్ళున్న దేశాల్లోనూ టీకా రాకముందు దాదాపు ప్రతి బిడ్డకూ రోటా సోకేది.

ఏ రకం వైరస్ అయినా వైద్యం మారదు. మందుల షాపువాళ్ళిచ్చే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ సిరప్ ఏ వైరస్ మీదా పనిచేయదు. 6, 10, 14 వారాల టీకాలకు వెళ్ళినప్పుడు కార్డులో రోటా గడి నిండిందో లేదో చూడండి. విరేచనాలు మొదలవగానే లీటరు ప్యాకెట్టు ఓఆర్ఎస్‌ను లీటరు నీళ్ళలోనే కలపండి, గ్లాసులో సగం పొడి పోసి ఇవ్వకండి. తల్లిపాలు ఆపకండి. జింకు 14 రోజులూ ఇవ్వండి. బిడ్డ ఆరు గంటలుగా ఒంటేలు పోయకపోతే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.