లివర్‌పూల్ హోటళ్ళలో బల్ల కింది అతిథి

సిడ్నీకి నైరుతి దిక్కున ఉన్న లివర్‌పూల్‌లో రైలు దిగితే సగం ఫిజీలో దిగినట్టే. వీధిలో ఫిజీ హిందీ వినిపిస్తుంది, కొట్లలో కసావా, డాలో దుంపలు కనిపిస్తాయి. 1903 నుంచి మద్రాసు రేవులో గిర్మిట్ ఓడలెక్కిన మన పెద్దల మనవలు, మునిమనవలు ఎందరో 1987 సైనిక తిరుగుబాటు తర్వాత ఆస్ట్రేలియా చేరారు. వాళ్ళలో చాలామందికి ఈ ఊరే కొత్త ఇల్లయింది.

శనివారం పొద్దున ఇక్కడి కాఫీ హోటళ్ళ ముందు కూర్చుంటే కొత్తగా వచ్చిన చుట్టాలు ముందు చూసేది బల్లల కింద పడుకున్న కుక్కల్ని. మన ఇళ్ళలో కుక్క చోటు వాకిలి. వంటింటి గడప తొక్కనివ్వం. అన్నం తినేచోట కుక్కేమిటని వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు.

నిజానికి ఇక్కడ రెండు రకాల కుక్కలున్నాయి. ఒకటి పెంపుడు కుక్క. న్యూ సౌత్ వేల్స్ చట్టం ప్రకారం దాన్ని ఆరుబయట భోజనస్థలంలోకే తీసుకురావచ్చు, అదీ హోటలువాళ్ళు ఒప్పుకుంటేనే. మెడకు పట్టీ ఉండాలి, నేల మీదే ఉండాలి, అక్కడ దానికి తిండి పెట్టకూడదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు తినిపించడం కుదరదు.

రెండోది సహాయక కుక్క. చూపు లేనివారికి దారి చూపేది, వినికిడి లేనివారికి చప్పుళ్ళు తెలియజేసేది, మూర్ఛ వచ్చినప్పుడు ఆదుకునేది. 1992 నాటి వైకల్య వివక్ష నిరోధక చట్టం దానికి రక్షణ ఇస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కూడా కస్టమర్లు కూర్చునే చోటికి, లోపలైనా సరే, దాన్ని రానివ్వాల్సిందే. వంటగదిలోకి మాత్రం రాకూడదు. అది శిక్షణ పొందిన కుక్కేనా అని అనుమానం వస్తే యజమాని రుజువు అడగవచ్చు. కానీ “మాకు కుక్కలు పడవు” అని తిప్పి పంపడానికి వీల్లేదు.

ఈ దేశంలో దీని చరిత్ర మరీ పాతది కాదు. చూపు కోల్పోయిన ఆర్నాల్డ్ కుక్ అనే ఆర్థికశాస్త్ర పండితుడు 1950లో ఇంగ్లండ్ నుంచి డ్రీనా అనే నల్ల లాబ్రడార్‌ను పెర్త్‌కు తెచ్చుకున్నాడు. ఆస్ట్రేలియాలో దారి చూపే కుక్కల కథ అక్కడే మొదలైంది.

మా పెదనాన్న కూతురికి చూపు లేదు. ఆమెను మనవాళ్ళదే ఒక హోటలు గుమ్మంలో ఆపేశారు. “అమ్మా, మీరు రండి, కుక్కను బయట కట్టేయండి” అన్నారు. మాట మెత్తగానే ఉంది. కానీ కుక్క లేకుండా లోపల బల్ల దాకా ఎలా నడుస్తుంది? అక్క వాదించలేదు, ఆకలితోనే వెనక్కి తిరిగింది. తోట దాటి వెళ్ళాలంటే దొర అనుమతి కావలసిన గిర్మిట్ రోజుల గురించి మనం పిల్లలకు కథలు చెబుతాం. మన గుమ్మం దగ్గర మనమే అనుమతి నిరాకరిస్తే ఆ కథలకు అర్థమేముంది?

పాటించాల్సినవి కష్టమైనవేమీ కావు. హార్నెస్ వేసుకున్న కుక్క పనిలో ఉన్నట్టు లెక్క. దాన్ని నిమరకండి, ఈల వేసి పిలవకండి, రొట్టెముక్క విసరకండి. దాని దృష్టి చెదిరితే మనిషికి దెబ్బ తగులుతుంది. మాట్లాడాలంటే మనిషితో మాట్లాడండి. సాయం కావాలా అని అడగండి, చెయ్యి పట్టుకుని లాగకండి. కుక్కంటే భయపడేవారు పక్కన ఉంటే వాళ్ళకే మరో బల్ల చూపించండి. పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకురండి.

మడి, ఆచారం అనే పెద్దలకు ధర్మరాజును గుర్తు చేస్తే చాలు. వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి కూడా రానన్నాడాయన.

ఈసారి ఉగాది భోజనాలకు హాలు సర్దేటప్పుడు జనం తొక్కిడి లేని మూల ఒక బల్ల వేయించండి. కింద కుక్క పడుకునేంత చోటు, పక్కన గిన్నెడు నీళ్ళు ఉంచండి. అక్కలాంటివాళ్ళు ఎందరు ఇంట్లోనే ఆగిపోతున్నారో అప్పుడు తెలుస్తుంది.